మరమ్మతు షెడ్డు పక్కన మొదలైన చదువు

వైమానిక దళంలో నా సర్వీసంతా ఇంకెవరో డిజైన్ చేసిన విమానాలను బాగుచేయడంతోనే గడిచింది. అందుకే ఆ డిజైన్ చదువు మన దేశంలో ఎలా మొదలైందో తెలుసుకోవాలనిపించేది.

1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ గారు బెంగుళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ స్థాపించారు. యుద్ధం ముదిరేకొద్దీ అక్కడ తయారీ వెనకబడి, అమెరికన్ విమానాల మరమ్మతే ముఖ్యమైపోయింది. ఆ యుద్ధకాలంలోనే, 1942లో, అదే ఊళ్ళోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ విభాగం తెరిచారు. దాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యులు డాక్టర్ వి.ఎం. ఘాటగే గారు. జర్మనీలో ప్రాంటల్ వంటి మహామహుడి దగ్గర చదువుకుని వచ్చిన మనిషి.

మరమ్మతుకి ఇంత చదువెందుకు అనేవాళ్ళు మాలోనూ ఉన్నారు. నిజమే, పానా పట్టడానికి అక్కర్లేదు. కానీ రెక్క మీద గాలి ఎలా సాగుతుందో, ఎంత బరువుకి ఎక్కడ విరుగుతుందో కాగితం మీద తేల్చగలిగితేనే సొంత విమానం! 1951లో అది తేలింది. ఘాటగే గారి బృందం డిజైన్ చేసిన హెచ్.టి.-2 ఎగిరింది. మన పైలట్లెందరో దాని మీదే ఓనమాలు దిద్దారు.

అదే ఏడాది సతీష్ ధావన్ గారు అమెరికాలో డాక్టరేట్ ముగించుకొచ్చి ఈ విభాగంలో చేరారు. సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ కట్టించారు. అప్పటి మన నెల్లూరు జిల్లా శ్రీహరికోట కేంద్రానికి 2002లో పెట్టిన పేరు ఆయనదే.