కీమత్ ఎంత పలికింది?



2024 నవంబరు 24, 25 తేదీల్లో ఐపీఎల్ వేలం సౌదీలోని జిద్దాలో జరిగింది. మన దాదాలు, దాదీలు హజ్ కోసం ఓడ దిగిన జిద్దా అది. ఆ రెండు సాయంత్రాలూ గుంటూరులో మా గల్లీ చివరి చాయ్ కొట్టు దగ్గర కుర్రాళ్లు ఫోన్ల మీద వంగి కూర్చున్నారు. రిషబ్ పంత్ 27 కోట్లు, శ్రేయస్ అయ్యర్ 26.75 కోట్లు. మన హైదరాబాదీ సిరాజ్ మియాని గుజరాత్ వాళ్లు 12.25 కోట్లకు తీసుకున్నారనగానే ఒకడు బల్ల మీద గట్టిగా చరిచాడు. గ్లాసులు ఒలికాయి. పక్కనే మిర్చి యార్డులో హమాలీ పని చేసి మానేసిన ఒక బడే మియా కూర్చుని ఉన్నారు. ఆయన నిదానంగా అడిగారు: "బేటా, మీరు చెప్పేది మనుషుల సంగతా, టిక్కీల సంగతా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ సవాల్ నన్ను వదల్లేదు. ఈ తహరీర్ రాయడానికి వజా అదే.

మా అబ్బా మర్హూమ్ మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంట వెళ్లేవాణ్ణి. కళ్లు మండుతుంటే రుమాలు ముక్కుకు కట్టుకుని టిక్కీల మధ్య తిరిగేవాణ్ణి. బేపారీ వచ్చి కాయ విరిచి, రంగు చూసి, అరచేతిలో తేమ చూసుకుని ధర చెప్పేవాడు. తేజకు ఒక ధర, సన్నానికి ఒక ధర, తాలు కాయకు ఇంకో ధర. నాకు గుర్తున్నది ఆ ధరలు కాదు. ధర చెప్పే క్షణంలో రాశి పక్కన నిలబడిన రైతు ముఖం. తక్కువ పలికితే, పలికింది కాయకు కాదు తనకే అన్నట్టు తల దించుకునేవాడు. అబ్బా ఆయన్ని కూర్చోబెట్టి ముందు నీళ్లిచ్చి, తర్వాతే లెక్క చెప్పేవారు. "కీమత్ సరుక్కి, ఇజ్జత్ మనిషికి. రెండూ ఒకే కాటాలో వేయకు," అనేవారు.

వేలం భాషలో ఆ రెండూ ఒకే కాటాలో పడ్డాయి. మన తెలుగులో "వాడు అమ్ముడుపోయాడు" అంటే అంతకు మించిన తిట్టు లేదు. ఎన్నికల్లో ఓటు అమ్ముకున్నవాణ్ణి, పంచాయతీలో మాట మార్చినవాణ్ణి అంటాం. అదే మాట క్రికెట్ వేలంలో మెప్పు! అక్కడ "అమ్ముడుపోలేదు" అంటే బేఇజ్జతీ. మన కుర్రాళ్ల జబాన్ మీద ఈ ఉల్టా ఎప్పుడు ఎక్కిందో ఎవరూ గమనించినట్టు లేదు.

తారీఖ్‌లోకి వెళితే ఈ సంగతి క్రికెట్‌ది కాదు, ఫుట్‌బాల్‌ది. 1905లో ఇంగ్లండ్‌లో ఆల్ఫ్ కామన్ అనే ఆటగాణ్ణి సండర్‌లాండ్ నుంచి మిడిల్స్‌బరో క్లబ్బు 1,000 పౌండ్లకు తెచ్చుకుంది. వెయ్యి పౌండ్లు పలకడం అదే మొదలు. అప్పట్లో పత్రికల్లో గగ్గోలు పుట్టింది. మాంసం కొన్నట్టు మనిషిని కొంటారా అని ఒక వాదన, ఓడిపోయే క్లబ్బు పరువు డబ్బుతో నిలబెట్టుకోవడం సిగ్గు కాదా అని ఇంకో వాదన. ఆ గగ్గోలులో మరుగున పడిన లెక్క ఒకటుంది. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఆటగాడి జీతానికి పైహద్దు వారానికి 4 పౌండ్లు. వెయ్యి పౌండ్లు పోయింది పాత క్లబ్బుకు, కామన్ జేబులోకి కాదు. జనం నోటికొచ్చినట్టు అన్నది మాత్రం కామన్‌ని.

అసలు గిరా ఇక్కడుంది కాబట్టి కాస్త నిదానిస్తాను. యూరప్ ఫుట్‌బాల్‌లో మనం వినే బదిలీ సొమ్ము క్లబ్బు నుంచి క్లబ్బుకు వెళుతుంది, ఒప్పందం మధ్యలో వదిలిపెట్టినందుకు. ఆటగాడి జీతం వేరు. ఐపీఎల్‌లో వేలం పలికిన మొత్తం ఆ ఆటగాడికి ఒక సీజన్ జీతం. రెండింటినీ మనం "రేటు" అనే ఒక్క మాటతో చుట్టేస్తాం. మన దీన్‌లో ఆజాద్ మనిషిని అమ్మి ఆ కీమత్ తినడం ఎంత పెద్ద గునాహో మదరసాలో మొదటి ఏడాది పిల్లాడికీ తెలుసు. మెహనత్‌కి ఉజ్రత్ తీసుకోవడం హలాల్. మరి ఫుట్‌బాల్ బదిలీ ఈ రెండింటిలో ఏ వైపు?

ఇంగ్లండ్‌లో చాలా కాలం అది మొదటి వైపుకే దగ్గరగా ఉండేది. ఒప్పందం ముగిసినా క్లబ్బు ఒప్పుకోకపోతే ఆటగాడు ఎక్కడికీ కదలడానికి వీల్లేదు. జార్జ్ ఈస్ట్‌హామ్ అనే ఆటగాడు న్యూకాజిల్ క్లబ్బు మీద కోర్టుకు వెళ్లాడు. 1963లో ఆ పద్ధతి అన్యాయమని తీర్పు వచ్చింది. ఆ తీర్పు చెప్పిన జడ్జి పేరు విల్బర్‌ఫోర్స్. నూటయాభై ఏళ్ల ముందు బ్రిటన్‌లో గులాముల వ్యాపారం మీద పోరాడిన విల్బర్‌ఫోర్స్ వంశం వాడే. అల్లాహ్ తారీఖ్‌లో ఇలాంటి ముడులు వేస్తుంటాడు. 1995లో బోస్మన్ అనే బెల్జియం ఆటగాడి కేసులో యూరప్ కోర్టు మిగతా ముడి కూడా విప్పింది. ఒప్పందం ముగిస్తే ఎవరికీ పైసా కట్టకుండా ఆటగాడు వెళ్లిపోవచ్చు.

కోర్టులు విప్పాయి గానీ అభిమానుల దిల్‌లో ముడి బిగిసింది. 2000లో లూయిస్ ఫిగో బార్సిలోనా వదిలి దాని ఆగర్భశత్రువు రియల్ మాడ్రిడ్‌కి వెళ్లాడు. అప్పటికి దునియాలో అదే పెద్ద సొమ్ము. 2002 నవంబరులో మాడ్రిడ్ తరఫున బార్సిలోనాలో ఆడుతుంటే, కార్నర్ కొట్టడానికి వెళ్లిన అతని వైపు జనం సీసాలు విసిరారు, చివరికి ఒక పంది తల విసిరారు. అస్తగ్‌ఫిరుల్లాహ్! డబ్బుకు అమ్ముడుపోయాడని వాళ్ల కోపం. ఆ డబ్బు జమ అయింది మాత్రం బార్సిలోనా ఖజానాలోనే. ఆశిఖ్‌లు లెక్క చూసి కోపగించుకోరు మరి.

ఆ తర్వాత అంకెలకు పగ్గం లేదు. 2016లో పోల్ పోగ్బాకి 10.5 కోట్ల యూరోలు. 2017లో నెయ్‌మార్‌ని పారిస్ క్లబ్బు తీసుకెళ్లడానికి 22.2 కోట్ల యూరోలు. అప్పటి మారకంలో మన రూపాయల్లో పదహారు వందల కోట్ల పైమాట. దీని మీద మన వైపు ఒక సరదా సంగతి చెప్పాలి. నెయ్‌మార్ పుట్టిన బ్రెజిల్‌లోనే మన ఒంగోలు జాతి పశువుల సంతతిని నెలోర్ అని పిలుస్తారు, మన నెల్లూరు పేరు మీద. ఆ సంతతి ఆవు వియాటినా-19 ధర 2023లో మన లెక్కన దాదాపు 35 కోట్ల దాకా పోయింది. ఆ ఖబర్ వచ్చిన రోజు ప్రకాశం జిల్లా వాళ్లు మీసాలు దువ్వారు. బండలాగుడు పోటీల్లో ఒక జత ఎడ్ల ధర చెప్పి, వాటి యజమాని కంటే ఊరే ఎక్కువ గర్వపడటం నేను కళ్లారా చూశాను. క్లబ్బు పెద్ద సొమ్ము పెట్టి ఒకణ్ణి తెస్తే అభిమాని ఛాతీ ఎందుకు పొంగుతుందో అక్కడే నాకు సమఝయింది. జేబులోంచి పోయేది తనది కాదు. వచ్చే షాన్ మాత్రం తనది.

ఇప్పుడు మన ఇంటి కథ. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ పేరు 2024లో వచ్చిన "మైదాన్" సినిమా పుణ్యమా అని మన పిల్లలకు తెలిసింది. స్కూల్ టీచర్‌గా బతుకు మొదలుపెట్టిన ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించారు. 1951 ఢిల్లీలో, 1962 జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ ఆయన తాలీమే. జకార్తా గెలిచిన మరుసటి ఏడాది, 1963 జూన్‌లో, కేన్సర్‌తో ఇంతెఖాల్ అయ్యారు. ఆయన జట్టులో ఆటగాడికి దొరికేది పోలీసు నౌకరీ, ఒక యూనిఫారం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం దగ్గర ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ కిరాయికి కూడా డబ్బు లేకపోతే ఆ కిరాయి రహీం సాబే ఇచ్చేవారని చెబుతారు. ఆ బలరాం 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు. అతని తర్వాత నయీముద్దీన్, హబీబ్, అక్బర్... ఒక్కొక్కరే ఆ రైలెక్కారు.

అప్పట్లో మన ఫుట్‌బాల్ కాగితాల మీద వృత్తి కాదు. కాబట్టి బదిలీ సొమ్ము అనే మాటే లేదు. ఇచ్చేది చేతికి, చాటుగా. హైదరాబాద్ మైదానాలు పెంచిన పిల్లలు పోయినప్పుడు ఆ మైదానాలకు దక్కింది సిఫర్. ఇవాళ ఫిఫా కాయిదా ప్రకారం, ఒప్పందం మధ్యలో ఆటగాడు క్లబ్బు మారితే, ఆ సొమ్ములో 5 శాతం 12 నుంచి 23 ఏళ్ల వయసులో అతన్ని తయారు చేసిన క్లబ్బులకు చెందాలి. ఆ కాయిదా అరవై ఏళ్ల ముందు ఉండి ఉంటే లాల్‌బహదూర్ స్టేడియం చుట్టూ ఎన్ని జట్లు బతికేవో! చంచల్‌గూడలో ఉండే మా ఖాలూ ఈ మాట ఎత్తితే ఇప్పటికీ కోపగించుకుంటారు. "పోయినవాణ్ణి నేనేం అనను. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. తీసుకెళ్లినవాడు ఒక్కసారైనా ఇటు తిరిగి చూశాడా?" అంటారు.

కలకత్తాలో క్లబ్బులు మారే రోజులంటే పండగా, జంగూ రెండూ. దాన్ని వాళ్లు దళ్‌బదల్ అంటారు. సంతకం పెట్టే తేదీ దాకా ఎదుటి క్లబ్బు ఎత్తుకుపోకుండా ఆటగాణ్ణి ఏదో ఇంట్లో దాచిపెట్టేవారు. సంతకానికి ఊరేగింపుగా తెచ్చేవారు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిస చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య ధర పెరిగే ఊరు అది. అలాంటి చోట మొహమ్మద్ హబీబ్ పదిహేడేళ్లకు పైగా మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్, మళ్లీ మొదటికి. ఇటు నుంచి అటు వెళ్లినా గద్దార్ అన్న ముద్ర అతని మీద నిలవలేదు. మూడు గ్యాలరీలూ అతన్ని బడే మియా అన్నాయి, తమ్ముడు అక్బర్‌ని ఛోటే మియా అన్నాయి. 1976లో మోహన్ బగాన్ తరఫున ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టినవాడు ఆ ఛోటే మియాయే. 1977 సెప్టెంబరులో పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో ఆడితే, ఆట 2-2గా ముగిసింది. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది.

హబీబ్‌ని మన దేశపు మొదటి అసలైన ప్రొఫెషనల్ అంటారు. తోటివాళ్లు బ్యాంకు, రైల్వే ఉద్యోగాలు పట్టుకుంటుంటే ఆయన నౌకరీలు వద్దన్నాడు. ఆటే నా రోజ్‌గార్, దాని డబ్బు దానికివ్వండి అన్నాడు. అంటే బహిరంగంగా కీమత్ అడిగిన మనిషి. అభిమానులు ఆయన్ని ద్వేషించకపోవడానికి కారణం, నా ఖయాల్‌లో, తీసుకున్న పైసాకు మించి పరిగెత్తడమే. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆయన ఇంతెఖాల్ అయ్యాడు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. మన తెలుగు ముసల్మాన్ ఇళ్లలో ఎంతమందికి ఆ ఖబర్ చేరిందో!

సిరాజ్ మియా సంగతి హబీబ్‌కి ఉల్టా. 2017లో 20 లక్షల కనీస ధరతో వేలానికొస్తే సన్‌రైజర్స్ 2.6 కోట్లు పెట్టింది. ఆటో నడిపే అబ్బా కొడుకు కరోడ్‌పతి అయ్యాడని ఊరంతా ముబారక్ చెప్పింది. 2019లో బెంగళూరు జట్టుకు ఆడుతూ బాగా పరుగులిచ్చుకున్నాడు. అప్పుడు జనం ఏమన్నారో అతనే తర్వాత ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు: క్రికెట్ మానేసి పోయి మీ అబ్బాతో ఆటో నడుపుకో అన్నారట. ఈ మాట నాకు గుచ్చుకున్నంతగా ఫిగో మీద పడిన ఆ తల గుచ్చుకోలేదు. కోట్లు పెట్టింది ఫ్రాంచైజీ. పోయింది వాళ్ల సొమ్ము. కానీ తిట్టినవాడి గొంతులో తన జేబు చిరిగినంత హక్కు. ఆ హక్కు ఆటగాడి మీద ఆగలేదు, ఆటో మీద, అబ్బా మీద, హలాల్ రిజ్క్ మీదకు వెళ్లింది. 2020 నవంబరులో సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉండగా ఆ అబ్బా గుజరిపోయారు. కొడుకు జనాజాకు రాలేకపోయాడు. జట్టుతోనే ఉండి, రెండు నెలల తర్వాత బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. ఆటో నడుపుకోమన్నవాళ్లు కూడా ఆ రోజు చప్పట్లు కొట్టే ఉంటారు.

మన గుంటూరుకూ ఇప్పుడొక పేరుంది. షేక్ రషీద్. కుర్రాణ్ణి ప్రాక్టీసుకు మంగళగిరి తీసుకెళ్లడం కోసం వాళ్ల అబ్బా పడిన తిప్పలు పత్రికల్లో వచ్చాయి. 2022 అండర్-19 ప్రపంచకప్‌లో అతను వైస్ కెప్టెన్. సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్‌లో ఇంగ్లండ్ మీద 50. అంత ఆడినా ఆ ఏడాది చివర వేలంలో చెన్నై తీసుకున్నది 20 లక్షలకు. జిద్దా వేలంలో మళ్లీ చెన్నైయే, 30 లక్షలకు. పంత్ 27 కోట్ల పక్కన ఆ అంకె చూసి మా కుర్రాళ్లు "గింతేనా" అని పెదవి విరిచారు. తక్కువ ధర విన్న రైతు ముఖం నాకు మళ్లీ గుర్తొచ్చింది.

2025 ఏప్రిల్ 14న లక్నోలో చెన్నై తరఫున రషీద్ మొదటి మ్యాచ్ ఆడాడు. అదే చాయ్ కొట్టు, ఈసారి గోడకు టీవీ. ఓపెనర్‌గా వచ్చి 19 బంతుల్లో 27 కొట్టాడు. ఒక్కో ఫోర్‌కి గల్లీ మొత్తం వినపడేలా అరుపులు. అతను అవుటయ్యాక ఎవరో కొత్తవాడు, "ఎంతకి కొన్నారు ఇతన్ని?" అని అడిగాడు. "ముప్పై లక్షలు," అన్నాడు కొట్టతను గ్లాసులు కడుగుతూ.

బడే మియా అక్కడే ఉన్నారు. టీవీ వైపే చూస్తూ, "వాళ్లబ్బా వచ్చాడా చూడ్డానికి?" అన్నారు. ఎవరూ జవాబు చెప్పలేదు. అప్పటికే తర్వాతి ఓవర్ మొదలైంది.