వేలిముద్ర నుంచి సంతకం దాకా: మన జిల్లా అక్షర దీపం



గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో నేను చూసిన వేలిముద్రలకు లెక్కే లేదు. అక్విటెన్సు రోళ్ల మీద, పట్టా రిజిస్టర్లలో, రెవెన్యూ స్టాంపుల మీద ఇంకు ప్యాడు ఒత్తించి, పక్కన "ఫలానా వారి నిశానీ" అని మేమే రాసేవాళ్లం. ఆ కాగితంలో ఏముందో నిశానీ వేసిన మనిషికి తెలియదు. మేము చదివి చెబితే నమ్మాలి, లేకపోతే లేదు. 1991 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు నూటికి 44 మంది. స్త్రీలలో నూటికి 33 మంది కూడా లేరు. అటువంటి కాలంలో మన నెల్లూరు జిల్లాలో జరిగిన ఒక పెద్ద ప్రయత్నాన్ని నేటి ఉపాధ్యాయులకు గుర్తు చేయాలని ఈ వ్యాసం.

1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ అక్షరాస్యతా మిషన్‌ను ప్రారంభించింది. కేరళలోని ఎర్నాకుళం జిల్లా 1990లో సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్లు ప్రకటించుకుంది. ఐక్యరాజ్య సమితి ఆ ఏడాదినే అంతర్జాతీయ అక్షరాస్యతా సంవత్సరంగా పాటించింది. ఆ ఊపులో మన జిల్లాలో 1991 జనవరిలో "అక్షర దీపం" వెలిగించారు. జీతం లేని కార్యకర్తలు, పలకలు, హరికేన్ లాంతర్లు, రాత్రి బడులు. రమారమి 200 గంటల్లో 3 వాచకాలు పూర్తి చేయించాలన్నది జాతీయ మిషన్ పెట్టిన లెక్క.

అయితే బడి తెరిచినంత మాత్రాన పెద్దవాళ్లు వస్తారా? పగలంతా నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన ఆడమనిషిని పలక పట్టుకోమంటే నవ్విపోతుంది. అందుకని ముందు కళాజాతాలు వచ్చాయి. పాటలు, బుర్రకథ, కోలాటం, వీధి నాటిక, ఇవన్నీ పల్లె జనానికి కొత్తవి కావు, కొత్తదల్లా అందులోని విషయం. మా ముత్తుకూరు ప్రాంతంలోనూ చావడి ముందు చాపలేసుకుని కూర్చుని చూశారు. ఉపన్యాసానికి పది మంది రాని చోట పాటకు ఊరంతా వచ్చింది. పండుగలూ వేడుకలూ చదువుకు అడ్డం అనుకునే మాస్టార్లు ఈ సంగతి గమనించాలి.

రెండోది, పాఠం పెట్టిన పద్ధతి. ఓనమాలు మొదలు కాకుండా, తెలిసిన మాట మీదుగా అక్షరానికి రావడం. బ్రెజిల్ దేశంలో పాలో ఫ్రేరీ అనే పండితుడు 1963లో కూలీలకు "ఇటుక" వంటి మాటలు తీసుకుని, ఆ మాట చుట్టూ వాళ్ల కష్టసుఖాలు మాట్లాడిస్తూ చదువు చెప్పాడు. మన జిల్లా వాచకంలో "సీతమ్మ కథ" అని ఒక పాఠం ఉండేది. సారా మూలంగా గుల్లయిపోయిన కాపురం కథ అది. చదివిన ఆడవాళ్లకు అది పాఠంలా కనపడలేదు, తమ ఇంటి సంగతిలా కనపడింది.

తరువాత జరిగింది అందరికీ తెలిసినదే. జిల్లా మెట్ట ప్రాంతంలోని దూబగుంటలో ఆడవాళ్లు ఏకమై సారా దుకాణం మూయించారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. వారి కథ "ఆడవాళ్లు ఏకమైతే" అన్న పాఠమై మళ్లీ వాచకంలోకి ఎక్కింది. 1992లో ఊరూరా చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని నిలబడ్డారు. సారా వేలం పాటలు జరగక పదే పదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న మన జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలయింది, 1997లో సడలింది. రోజుకో రూపాయి కూడబెట్టే "పొదుపు లక్ష్మి" సంఘాలు కూడా ఈ కదలికలోంచే పుట్టాయి. ఇంత పని ఒక వాచకం చేసిందంటే నేను నమ్మను. వాళ్ల మనసులో ఉన్నదానికి వాచకం నోరిచ్చింది, రాత్రి బడి నలుగురూ కూర్చునే చోటు ఇచ్చింది.

ఇక మా తీరం సంగతి వేరు. ఇక్కడి గంగపుత్రులలో పట్టపువారి ఇళ్లలో మాట్లాడేది తెలుగు, తమిళం కలిసిన పట్టపు భాష. పుస్తకం తెలుగు వారికి చదువుకోని భాషే కాదు, సగం పరాయి భాష కూడా. కాలువల వెంట చేపలూ పీతలూ పట్టుకుని బతికే యానాదుల కష్టం మరొకటి. వాళ్లలో కొందరి మీద తెల్లదొరల కాలంలో నేరజాతుల ముద్ర ఉండేది. ఆ చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం ఊళ్ల మనసుల్లో చాలాకాలం నిలిచింది. వారి కోసం పాటుపడిన మన వెన్నెలకంటి రాఘవయ్య గారిని యువతరం మరిచిపోవడం విచారకరం. పైనుంచి వచ్చిన టైంటేబులు ప్రకారం రాత్రి 7 గంటలకు బడి. వల మీద వెళ్లినవాడు ఆ వేళకు ఒడ్డున ఉంటాడా? నేను చూసిన ఒక పల్లెలో హాజరుపట్టీ నిండుగా ఉండేది, చాప మీద నలుగురు కూడా ఉండేవారు కాదు. అదే పల్లెలో ఇంటర్ చదివే ఒక కుర్రవాడు వేళ మార్చాడు. వలలు బాగుచేసుకునే మధ్యాహ్నం పూట వాళ్ల పక్కనే కూర్చుని, పడవ మీద రాసి ఉన్న పేరుతో అక్షరాలు మొదలుపెట్టాడు. వాళ్లు ఇంట్లో అనే మాట ఏది, పుస్తకంలో మాట ఏది అని రెండూ అడిగి చెప్పించేవాడు. ఎవరూ నవ్వలేదు, నవ్వనివ్వలేదు కూడా.

ఇది కొత్త కిటుకేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో సవరల భాష తాను నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజున పద్యాల పోటీ ఒక్కటే పెట్టి ఊరుకోక, బడిలో ఎన్ని ఇంటి భాషలు ఉన్నాయో పిల్లల చేత చెప్పించి, ఒక్కో మాట నల్లబల్ల మీద రాయిస్తే పంతులుగారికి అదే సరైన నివాళి అని నా అభిప్రాయం.

పండుగలూ అంతే. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర మొహర్రంలో జరిగే రొట్టెల పండుగలో అన్ని మతాల వారూ నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. అందులో చదువు రొట్టె కూడా ఉంది. ఏ రొట్టె ఎవరు ఎందుకు పట్టుకున్నారో పిల్లలు ఇంట్లో అడిగి రాసుకు రావాలంటే, చదువురాని అవ్వ కూడా ఆ రోజు పాఠం చెప్పినట్లే. తీరంలో గంగమ్మ జాతర, పల్లెల్లో సంక్రాంతి గొబ్బెమ్మలు ఇటువంటివే. ఒక్క జాగ్రత్త: ఏ పండుగకూ ఏ పిల్లవాడినీ బలవంతాన వేషం కట్టించరాదు. చందా ఇవ్వలేని ఇంటి బిడ్డను వెనక వరుసలో కూర్చోబెట్టరాదు.

అక్షర దీపం తరువాత చాలామంది మళ్లీ మరిచిపోయారు. చదవడానికి తరువాత ఏమీ దొరకలేదు. కార్యకర్తలూ తమ బతుకుదెరువు చూసుకున్నారు. 2022లో మొదలైన కేంద్ర పథకం "ఉల్లాస్" 15 ఏళ్లు దాటిన నిరక్షరాస్యుల కోసమే, 2027 వరకు ఉంటుంది. చెప్పేవారు ఇప్పుడూ స్వచ్ఛంద కార్యకర్తలే. మనకా, తీరిక ఉంది.

మన సంఘంలోనే భర్తను పోగొట్టుకుని ఫ్యామిలీ పెన్షను తీసుకుంటున్న అమ్మలు కొందరు ఉన్నారు. జీవన ప్రమాణ పత్రం కోసం ఆ చిన్న యంత్రం మీద వేలు పెట్టేటప్పుడు, మా ఇంకు ప్యాడు కాలమే తిరిగొచ్చినట్లుంటుంది నాకు. ఆ యంత్రం తప్పేమీ లేదు, సంతకం వచ్చిన మేమూ అదే వేలు పెడుతున్నాం. కానీ ఎంత పెన్షను జమ అయిందో, ఎంత తీశారో ఆ అమ్మ మనవడిని అడిగి తెలుసుకోవలసి వస్తోంది. రిటైరైన మాస్టార్లలో ఎవరైనా వీధికి ఒకరు చొప్పున పూనుకుంటే, వాచకం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మొదటి పాఠం ఆమె పేరు, రెండో పాఠం బ్యాంకు పాస్ పుస్తకంలో జమ, ఖర్చు అన్న రెండు గడులు. వేళ మాత్రం ఆమెను అడిగి పెట్టండి.