చెలియలికట్టయు ఉపగ్రహముల లెక్కయు

మన పెద్దలు సముద్రపుటొడ్డును చెలియలికట్ట యనిరి. కడలి దానిని దాటదని నమ్మిరి. అయినను ద్వారక నీట మునిగిన కథ భారతమున మౌసల పర్వమునందు గలదు. మన తీరముననే, గౌతమీ ముఖమున నుండిన కోరంగి రేవును 1789లోను, మరల 1839 నవంబరులోను ఉప్పెన ముంచెత్తినది. అటుపిమ్మట ఆ రేవు పూర్వవైభవమును పొందలేదు.

ఉప్పెన ఒక్కదినమున వచ్చి పోవును. జనులు దానిని తరతరములు చెప్పుకొందురు. ఏటికి సుమారు 4 మిల్లీమీటరులు పెరుగు సముద్రమును గమనించువారు అరుదు. రేవులలో పాతిన కొలకఱ్ఱపై నీటిమట్టము హెచ్చినచో, సముద్రము లేచినదో, కఱ్ఱ నిలిచిన నేల క్రుంగినదో ఆ కొలత యొక్కటే చెప్పజాలదు. ఈ సందియమును తీర్చుటకు ఉపగ్రహములు తోడ్పడినవి.

1992లో అమెరికా, ఫ్రాన్సు దేశములు టోపెక్స్ పోసైడన్ అను ఉపగ్రహమును పంపినవి. అది 1,336 కిలోమీటరుల ఎత్తునుండి సముద్రముపైకి రాడారు తరంగములను పంపి, అవి మరలివచ్చు కాలమును బట్టి నీటిమట్టమును కొలిచినది. దాని వెనుక వచ్చిన ఉపగ్రహముల లెక్కలనుగూడ చేర్చి చూడగా, 1993 మొదలు ముప్పది యేండ్లలో ప్రపంచ సముద్రముల సగటు మట్టము సుమారు 10 సెంటీమీటరులు పెరిగినట్లు తేలినది. నేలపై మంచు కరగి కడలి జేరుటయు, వేడికి నీరు వ్యాకోచించుటయు ఇందుకు ముఖ్య కారణములు.

నేల సంగతి వేఱు. గోదావరీ కృష్ణా డెల్టాలు ఒండ్రుమట్టితో నేర్పడినవి. ఒండ్రు తన బరువునకు తానే అణగును. వఱద తెచ్చు క్రొత్త ఒండ్రు ఆ లోటును పూడ్చును. ఎగువ జలాశయములలో ఒండ్రు నిలిచిపోయినచో జమ తగ్గును. భూగర్భజలమును మితిమీరి తోడినచో ఖర్చు పెరుగును.

2025 జూలై 30న భారత, అమెరికా అంతరిక్ష సంస్థలు శ్రీహరికోటనుండి పంపిన నిసార్ ఉపగ్రహము 12 దినముల కొకసారి అదే నేలను రాడారుతో చిత్రించును. ఇట్టి చిత్రములను సరిపోల్చి, నడుమ కాలమున నేల సెంటీమీటరు మేర కదలినను గుర్తింపవచ్చును.

గ్రామ లెక్కలలో భూమి విస్తీర్ణమును, శిస్తును వ్రాసితిమి, ఎత్తును వ్రాయలేదు. ఇక డెల్టా గ్రామములలో ప్రతి సర్వే నంబరునకు ఎత్తుగూడ లెక్క కెక్కవలెను. అప్పుడే ఏ కరకట్టను ఎంత పెంచవలెనో, ఏ మురుగుకాలువ కడలికి పాఱదో ముందుగా తెలియును. రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయమున, భారతము ప్రక్కనే ఈ లెక్కలకును ఒక అర కేటాయింపవలెను.