302 కణాల పటం

స్ట్రోక్ వచ్చాక నాన్నగారికి మాట పోయింది. "మంచినీళ్ళు" అనలేని మనిషి ఓరోజు పొద్దున్నే పద్యం రాగంతో సహా ఎత్తుకున్నారట. "నువ్వు కంప్యూటర్లకి మెదళ్ళు కడతావు కదరా, ఇదెలా?" అని ఫోన్లో అమ్మ. ఎడమవైపు దెబ్బతింటే మాట పోయినా పాట మిగలొచ్చని డాక్టరు చెప్పిందే చెప్పాను. అది ‘ఎక్కడ’ అన్నదానికి జవాబు. అమ్మ అడిగింది ‘ఎలా’ అని.

ఎం.ఎస్. రోజుల్నుంచీ నేను క్లయింట్లకి చెప్పే మాట ఒకటే: "ఇది మెదడులాగే పనిచేస్తుంది." దాని మూలం 1943లో ఉంది. వారెన్ మెకల్లక్ అనే నాడీశాస్త్రజ్ఞుడు, డిగ్రీ లేని ఇరవయ్యేళ్ళ వాల్టర్ పిట్స్ కలిసి, న్యూరాన్ అంటే అవును-కాదు చెప్పే మీటలాంటిదనీ, వాటిని తగినట్టు అల్లితే తర్కం చేయించవచ్చనీ రాశారు. రెండేళ్ళకి ఫాన్ నోయ్‌మన్ తన కంప్యూటర్ నమూనాలో ఆ వ్యాసాన్ని ఉదహరించాడు. మనకి అన్నం పెడుతున్న యంత్రానికి మెదడుతో చుట్టరికం అప్పటిది.

ఆ చుట్టరికాన్ని చెడగొట్టింది కప్ప. 1959లో ఆ ఇద్దరే, లెట్విన్, మతురానాలతో కలిసి, కప్ప కంటినుంచి మెదడుకెళ్ళే సంకేతాలు విన్నారు. కన్ను కెమెరాలా చుక్కలు పంపడం లేదు. కదిలే చిన్న నల్లటి వస్తువుల్లాంటివాటిని తనే ఏరి పంపుతోంది. తర్కానికే పెద్దపీట అనుకున్న పిట్స్ దీంతో నిరాశపడ్డాడని లెట్విన్ తర్వాత చెప్పాడు. 1969లో, 46 ఏళ్ళకే పిట్స్ పోయాడు.

1986లో రెండు వ్యాసాలొచ్చాయి. రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్‌లది ఒకటి: తప్పును వెనక్కి పంపి నెట్‌వర్కుకి నేర్పే పద్ధతి. ఇవాళ్టి భాషా యంత్రాలు దానిమీదే నడుస్తున్నాయి. మెదడు అలాగే నేర్చుకుంటుందని మాత్రం ఇప్పటికీ రుజువు కాలేదు. రెండోది బ్రెన్నర్ బృందానిది. మిల్లీమీటరు పొడవు పురుగులో ఉన్న 302 న్యూరాన్లకీ తీగల పటం గీశారు. 302! నా ఫోన్లో నంబర్లే అంతకన్నా ఎక్కువ. అయినా పటం చూసి పురుగు ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఏ అతుకు ఉసిగొల్పుతుందో, ఏది ఆపుతుందో, ఎంత బలంగానో పటంలో ఉండదు. తీగలతో పనిలేకుండా పాకే రసాయనాలు అదే వలయం నడకని మార్చేస్తాయి. 2024లో దాదాపు 1,40,000 న్యూరాన్ల ఈగ మెదడు పటం కూడా పూర్తయింది, చిక్కు అదే.

న్యూరాన్లు అక్కర్లేదనను. నాన్నగారికి పోయినవి అవే కదా. కానీ మా యంత్రాలు ముందుకెళ్ళింది న్యూరాన్‌ని కాపీ కొట్టి కాదు, దాని పేరు ఉంచుకుని లెక్కల దారి పట్టి. ఆ స్లైడు తీసేశాను.

నిన్న అమ్మ ఫోను నాన్నగారి దగ్గర పెట్టింది. పద్యం రెండో పాదం దాకా వచ్చి ఆగారు. మూడోది అందిద్దామంటే నాకే గుర్తు రాలేదు.