రూపాయెత్తు వెండి, రూపాయి విలువ

మా నూజెండ్ల, వినుకొండ వైపు పాత ఇళ్లలో పెట్టె అడుగున ఒకటో రెండో తెల్లదొరల కాలపు వెండి రూపాయలు ఇంకా దొరుకుతుంటాయి. తెలుగు మాష్టారికి చరిత్ర కూడా తెలిసి ఉంటుందనే నమ్మకం కాబోలు, వాటిని తెచ్చి “ఇది ఎంత చేస్తుంది?” అని నన్ను అడుగుతుంటారు. అంగడివాడు ఈ ప్రశ్నకు త్రాసుతో జవాబు చెబుతాడు, నాణేలు పోగుచేసేవాడు భూతద్దంతో చెబుతాడు. ఈ రెండు జవాబులూ అవసరమే. కాని ఆనాడు ఆ రూపాయి ఎవరి చేతిలో ఎంత చేసిందన్న ప్రశ్న ఇంకొకటి ఉంది. మన సాహిత్య విమర్శ దాన్ని ఇప్పటిదాకా పట్టించుకున్నది తక్కువ.

త్రాసు సంగతి తేలిక. కుంఫిణీ ప్రభుత్వం 1835లో తన ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి పెట్టింది. బరువు 180 గ్రెయిన్లు, అందులో పన్నెండింట పదకొండు పాళ్లు మేలిమి వెండి. నేటి కొలతలో చెప్పాలంటే 11.66 గ్రాముల నాణెంలో 10.69 గ్రాముల వెండి. గ్రాము వెండి నూరు రూపాయలనుకుంటే ఆ నాణెంలో లోహం 1,069 రూపాయలది. 1940 నుంచి వచ్చిన ఆరో జార్జి రూపాయిలో వెండి సగమే, 5.83 గ్రాములు. పైకి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి గనుక సంవత్సరం చూడకుండా బేరానికి దిగకూడదు.

అయితే ఆ సంవత్సరం కూడా ఎప్పుడూ నిజం చెప్పదు. 1840 అని ఉన్న విక్టోరియా రూపాయలను ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు అదే అంకెతో కొట్టారు. 1862 అంకెకూ అదే గతి. అసలు ఏడు ఏదో వెనకవైపు చుక్కలు లెక్కపెట్టి తెలుసుకోవాలి. 1911 నాటి అయిదో జార్జి రూపాయి మీద రాజుగారి వస్త్రంపై ఉన్న ఏనుగు పందిలా ఉందని గొడవ లేచి, 1912లో ఆ బొమ్మను దిద్దారు. 1939 రూపాయి దొరకడమే అపురూపం, దొరికినవాటిలో దొంగవి మెండు. ఇలాంటివాటికి వెండి ధరతో పనిలేదు. చింతపండుతో తోమి తళతళలాడించిన నాణేనికి మాత్రం పోగుచేసేవాళ్లు సగం ధరైనా ఇవ్వరు. మన ఆడవాళ్లు ముందు చేసే పని అదే!

ఇక మూడో ప్రశ్న. రూపాయి డబ్బు మాత్రమే కాదు, తూనిక రాయి కూడా. రూపాయెత్తు అంటే తులం. మూడు తులాలు పలం, ఎనిమిది పలాలు శేరు, అయిదు శేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. మిరపకాయలు తూచినా బెల్లం తూచినా ఆ తూకం వెనుక దొరగారి రూపాయే కూర్చుని ఉండేది. ఈ లెక్క చేతిలో ఉంటే పాత సాహిత్యంలోని అంకెలు మాట్లాడటం మొదలుపెడతాయి.

మా వినుకొండ వల్లభరాయని పేర ఉన్న క్రీడాభిరామంలో పూటకూళ్లింటి భోజనానికి వెల ఒక రూక. ఆ రూకలో లోహమెంతో తెలియకపోయినా కడుపునిండా కమ్మని భోజనమని తెలుస్తున్నది. నాణేన్ని కొలవడానికి కవి ఇచ్చిన మంచి కొలమానమిది. కన్యాశుల్కంలో మాత్రం మనకు రెండు కొలతలూ అందుతాయి. అగ్నిహోత్రావధాన్లు సుబ్బిని లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి కుదుర్చుకున్న బేరం పద్ధెనిమిది వందలు. పాఠం చెప్పేటప్పుడు “ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం” అని దాటేస్తాం. పెద్ద అంటే ఎంత? 1,800 రూపాయలంటే 1,800 తులాలు, అనగా సరిగ్గా పదిహేను వీశెలు. ఒక మణుగు మీద ఏడు వీశెల వెండిని త్రాసులో పోసి, రెండో తట్టలో పసిపిల్లను కూర్చోబెట్టారన్నమాట. ఇంకోవైపు నుంచి చూద్దాం. కూలివాడికి రోజుకు రెండణాలు ముట్టిందనుకుంటే, ఒక్క రూపాయికి ఎనిమిది రోజుల చాకిరీ. పద్ధెనిమిది వందలకు 14,400 రోజులు. ఒక్కనాడు కూడా సెలవు లేకుండా ముప్పైతొమ్మిదేళ్ల పైచిలుకు. నేటి వెండి ధరతో హెచ్చవేసి “ఇప్పటి ఇన్ని లక్షలకు సమానం” అని అధస్సూచిక రాసేవాళ్లు ఈ రెండో లెక్కను వదిలేస్తారు. వెండి ధర మార్కెట్టుది, ఆ ముప్పైతొమ్మిదేళ్లు మనిషివి.

కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. ఈ రెండు తేదీల మధ్యనే రూపాయి తలరాత మారింది. 1871 తర్వాత జర్మనీ బంగారు నాణేనికి మారి వెండిని బజారులో పోసింది. అమెరికా గనుల వెండి దానికి తోడైంది. 1870 ప్రాంతంలో సుమారు 23 పెన్నీలున్న రూపాయి 1894-95 నాటికి 13 పెన్నీలకు దిగింది. ఇండియా ప్రభుత్వం లండనుకు ఏటా కట్టవలసిన ఖర్చులు, పింఛన్లు, వడ్డీలు పౌన్లలో ఉండేవి. పన్నులు వచ్చేది రూపాయల్లో. ఇక్కడి తెల్ల ఉద్యోగులు ఇంటికి పంపుకునే జీతం చిక్కిపోతోందని మొరపెట్టుకుంటే వారికి ప్రత్యేక భత్యం దొరికింది. రైతుకు దొరికింది వేరు. 1893 జూన్ 26న టంకశాలల తలుపులు ప్రజల వెండికి మూసేశారు. అంతకుముందు ఎవరైనా సరే వెండి తీసుకుపోయి, స్వల్ప రుసుముతో రూపాయలు కొట్టించుకోవచ్చు. ఆ హక్కు పోయింది. రూపాయల సరఫరా బిగబట్టి, 1898 నాటికి మారకాన్ని 16 పెన్నీలకు ఎక్కించారు.

దీని అర్థాన్ని కడియాలతోనే చూడాలి. 1898లో లండనులో ఔన్సు వెండి సుమారు 27 పెన్నీలు. ఆ ధరకు రూపాయిలోని వెండి పది పెన్నీలది, రూపాయి మాత్రం పదహారు పెన్నీలకు చెల్లుతుంది. ఒక రైతు ఇల్లాలి దగ్గర నూరు రూపాయలెత్తు, అదే వన్నె వెండి ఉందనుకుందాం. అదివరకు అది ఇంచుమించు నూరు రూపాయలే. ఇప్పుడు అమ్మితే అరవైమూడు. శిస్తు మాత్రం నూరుకు నూరూ కట్టాలి. పన్ను రేటు ఒక్క దమ్మిడీ పెంచకుండా పన్ను పెంచడమంటే ఇదే. దాదాభాయ్ నౌరోజీ 1898 నాటి కరెన్సీ కమిటీ ముందు ఈ మాటే వాదించాడు. వినలేదు. కరువు వచ్చిన ఏడు తాకట్టు పెట్టుకోవడానికి మిగిలిన ఒకే ఆస్తి ఆ కడియాలని గుర్తుంచుకుంటే, లండనులో కూర్చుని దిద్దిన ఆ అంకె పల్లెటూరి పొయ్యిదాకా ఎలా వచ్చిందో తెలుస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో కథ తిరగబడింది. వెండి ఔన్సు 43 పెన్నీలు దాటితే రూపాయిని కరిగించడమే లాభం. 1917లో దాటింది. వెంటనే నాణేలను కరిగించడం నేరమైంది, ఆ నవంబరు 30న కాగితపు రూపాయి పుట్టింది. వెండి పడిపోయినప్పుడు నష్టం రైతుది. పెరిగినప్పుడు లాభం రైతుది కాకుండా చట్టం అడ్డుపడింది. 1918లో అమెరికా చట్టం చేసి ఇరవై కోట్ల ఔన్సుల వెండిని ఇండియాకు అమ్మితే తప్ప ఖజానా నిలబడలేదు. 1920 ఫిబ్రవరిలో వెండి 89½ పెన్నీలకు చేరింది. రూపాయిలో లోహమే 33 పెన్నీలది.

పల్నాటి అడవి రైతుల పుల్లరి సత్యాగ్రహం దాని మరుసటేడే, 1921లో. పశువు అడవిలో మేసినందుకు పుల్లరి కట్టాలి, అదీ నగదుగా. పశువు పాలిస్తుంది, పేడ వేస్తుంది, దూడను ఈనుతుంది. రూపాయిని మాత్రం ఈనదు. ఆ రూపాయి పుట్టాలంటే నెయ్యి సంతకెక్కాలి, లేదా షావుకారు గడప ఎక్కాలి. మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు బలైంది ఈ పుల్లరి దగ్గరే. ఆయన కథను వీరగాథగా చెప్పుకుంటున్నాం, చెప్పుకోవలసిందే. కాని పుల్లరి అంకెను కూలి రోజుల్లోకి, నేతి శేర్లలోకి మార్చి చూపిన రచన ఒక్కటీ నా కంటబడలేదు. వీరుణ్ణి చూపి, అతను కాదన్న రూపాయిని చూపకపోతే ఆ పోరాటం కోపంగా కనిపిస్తుందేగాని లెక్కగా కనిపించదు. పల్నాటి రైతు లెక్క తెలిసే కాదన్నాడు.

బ్రిటన్ తన సొంత వెండి నాణేల్లో వెండిని 1920లోనే సగానికి తగ్గించుకుంది. ఇక్కడ ఆ పని 1940లో, రెండో యుద్ధం నడుస్తుండగా జరిగింది. మేలైన పాత రూపాయలను వరసగా చెల్లకుండా చేశారు: విక్టోరియావి 1941లో, ఎడ్వర్డువి 1942లో, జార్జివి 1943లో. గడువులోగా ఖజానాకు చేరినవి కరిగిపోయాయి. పెట్టె అడుగున దాగినవే నేడు మనం చూస్తున్నవి. యుద్ధకాలంలో అమెరికా దగ్గర మళ్లీ ఇరవైరెండు కోట్ల ఔన్సుల పైచిలుకు వెండి అప్పు తెచ్చారు, వెండిగానే తిరిగి ఇస్తామన్న కరారు మీద. ఆ అప్పు తీర్చడానికి సగం వెండి రూపాయలను కూడా వెనక్కి లాగవలసి వచ్చింది. 1947లో జనం చేతికి వచ్చిన కొత్త రూపాయి మీద ఒకవైపు ఆరో జార్జి, రెండోవైపు పులి. నాణెం నికెలుది.