స్టిక్కర్ మీద 29, చలికాలంలో 22: చిన్న ఎస్‌యూవీ అసలు మైలేజి ఎంత?

మన వాళ్ళు నలుగురు కలిసిన చోట ఇళ్ళ ధరలు, వీసాల సంగతులు అయిపోయాక మాట కార్ల మీదకు మళ్ళుతుంది. "మీ బండి ఎంత ఇస్తోందండీ?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. జవాబుగా చాలామంది స్టిక్కర్ మీది అంకె చెప్పేస్తారు. మొదటి చలికాలం వచ్చేదాకా నేనూ అదే చేశాను.

మేముండేది చికాగో శివారు నేపర్‌విల్‌లో. మాది ఒకటిన్నర లీటర్ల టర్బో ఇంజను, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న కాంపాక్ట్ ఎస్‌యూవీ. ఏ కంపెనీదన్నది ఇక్కడ ముఖ్యం కాదు, కింద చెప్పబోయే కారణాలు ఈ తరగతి బళ్ళన్నిటికీ వర్తిస్తాయి. అద్దానికి అంటించిన స్టిక్కర్ ప్రకారం గాలన్‌కు సిటీలో 27 మైళ్ళు, హైవే మీద 33, రెండూ కలిపి 29. జనవరిలో చూస్తే 22 దాటడం లేదు. సర్వీసుకు రెండుసార్లు తీసుకెళ్ళాను. "బండిలో లోపమేమీ లేదు" అన్నారు. మోసపోయామనుకున్నాం. ఇది అమ్మేసి హైబ్రిడ్ కొందామని మా ఆవిడ, అంత డబ్బు మళ్ళీ ఎక్కడ తెస్తామని నేను. ఇంట్లో రోజూ ఇదే వాదన.

ఏప్రిల్‌లో నాన్నగారు గుంటూరు నుంచి వచ్చారు. చేతక్ స్కూటరు నడిపినన్నాళ్ళూ పెట్రోలు పోయించిన ప్రతిసారీ చిన్న డైరీలో రాసుకున్న మనిషి ఆయన. అంతా విని, "స్టిక్కర్ సంగతి సరే, నువ్వు రాసుకున్న లెక్కేదిరా?" అన్నారు. నా దగ్గర ఏ లెక్కా లేదు. ఆ రోజే ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను. ఏడాది పాటు రాశాక తెలిసినవి, వాటి వెనక కారణాలు మరొకరికి పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

స్టిక్కర్ అంకె ఎలా వస్తుంది?

అమెరికాలో ఈ అంకెలు పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఈపీఏ, నిర్ణయించిన పద్ధతిలో వస్తాయి. కారును రోడ్డు మీద నడపరు. ప్రయోగశాలలో రోలర్ల మీద పెట్టి, ముందే రాసిపెట్టిన వేగాల పట్టిక ప్రకారం నడుపుతారు. సిటీ పరీక్ష సుమారు 11 మైళ్ళు, 31 నిమిషాలు, సగటు వేగం గంటకు 21 మైళ్ళు. హైవే పరీక్ష సుమారు 10 మైళ్ళు, సగటు వేగం 48 మైళ్ళు. అందులో ఎక్కడా 60 దాటరు!

ఈ రెండు పరీక్షలే ఆధారమైతే అంకెలు మరీ ఆశగా ఉంటున్నాయని, 2008 మోడల్ సంవత్సరం నుంచి మరో మూడు పరిస్థితులను కూడా లెక్కలోకి తెచ్చారు: 80 మైళ్ళ దాకా వెళ్ళే వేగం, 95 డిగ్రీల ఎండలో ఏసీ, 20 డిగ్రీల చలి (ఇవి ఫారన్‌హీట్ డిగ్రీలు). అయితే ప్రతి మోడల్‌కూ ఐదు పరీక్షలూ చేయరు. చాలా వాటికి పాత రెండు పరీక్షల ఫలితాన్ని ఒక సూత్రం ప్రకారం తగ్గించి వేస్తారు. చివరికి సిటీకి 55 శాతం, హైవేకి 45 శాతం వాటా ఇచ్చి కలిపిన అంకె తీస్తారు.

పరీక్షలు ఎక్కువగా కంపెనీలే చేసుకుంటాయి, ఈపీఏ కొన్నిటిని తిరిగి పరీక్షిస్తుంది. అలా పట్టుబడ్డ సందర్భం కూడా ఉంది. హ్యూందాయ్, కియా కంపెనీలు సుమారు 9 లక్షల కార్లకు మైలేజి ఎక్కువ చేసి చూపినట్టు 2012 నవంబరులో బయటపడింది. 2014లో 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకున్నాయి. అంటే స్టిక్కర్ తప్పు కావడం అసాధ్యం కాదు. కానీ నా బండి విషయంలో కారణాలు వేరే ఉన్నాయి.

చలి, దగ్గరి దూరాలు

అమెరికా ప్రభుత్వం ఇచ్చే లెక్క ప్రకారం, 77 డిగ్రీల వాతావరణంతో పోలిస్తే 20 డిగ్రీల చలిలో మామూలు పెట్రోలు కారు సిటీ మైలేజి సుమారు 15 శాతం పడిపోతుంది. మూడు నాలుగు మైళ్ళ చిన్న ప్రయాణాలైతే 24 శాతం దాకా పోవచ్చు. హైబ్రిడ్లకు ఈ దెబ్బ ఇంకా ఎక్కువ, 30 శాతం పైనే. కారణాలు అర్థం కానివేమీ కావు. ఆయిల్ చిక్కబడుతుంది, ఇంజను వేడెక్కడానికి సమయం పడుతుంది, టైర్లలో గాలి తగ్గుతుంది, చలికాలం పెట్రోలులో శక్తి కూడా కాస్త తక్కువ. పిల్లల బడి రెండు మైళ్ళు, కూరల కొట్టు మూడు మైళ్ళు. ఇంజను వేడెక్కేలోపే ఇంటికి చేరేవాళ్ళం. పైగా రోజూ పొద్దున్నే రిమోట్‌తో స్టార్ట్ చేసి పది నిమిషాలు వదిలేసేవాణ్ణి. నిలబడి ఉన్న ఇంజను గంటకు పావు నుంచి అర గాలన్ దాకా తాగుతుంది. ఆ సమయంలో మన మైలేజి సున్నా!

వేగం, ఎత్తు

గాలి వెనక్కు తోసే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 60 నుంచి 75కి వెళితే ఆ బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎస్‌యూవీ సెడాన్ కంటే ఎత్తు కాబట్టి ఎక్కువ గాలిని చీల్చుకుంటూ పోవాలి. స్మోకీ మౌంటెన్స్‌కు మొదటిసారి పైకప్పు మీద సామాను పెట్టె కట్టి 75లో వెళ్ళాం, 25 వచ్చింది. రెండోసారి పెట్టె లేకుండా 65లో వెళ్ళాం, 32 వచ్చింది. ఇంటర్‌స్టేట్ వేగాల్లో పైకప్పు పెట్టె ఒక్కటే 10 నుంచి 25 శాతం తినగలదని ప్రభుత్వ లెక్కలు కూడా చెబుతున్నాయి.

మిగతావి చిన్నవి. పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో సుమారు 3 శాతం తగ్గుతుంది. డిక్కీలో వంద పౌండ్ల అనవసరపు బరువుంటే సుమారు ఒక శాతం పోతుంది. మా డిక్కీలో మూడు నెలలుగా రెండు బియ్యం బస్తాలు తిరుగుతున్నాయని నోటుబుక్కు పుణ్యమా అని తెలిసింది.

కొలిచే పద్ధతి

డాష్‌బోర్డు మీద కనిపించే మైలేజిని పూర్తిగా నమ్మకండి. మా బండిలో అది అసలు కంటే ఒక మైలు పైనే ఎక్కువ చూపేది. నాన్నగారి పద్ధతి ఇది:

1. పంపు మొదటిసారి టక్కుమని ఆగేదాకా నింపి ట్రిప్ మీటరు సున్నా చేయాలి. ఆ తర్వాత కొసరు పోయకూడదు.
2. మళ్ళీ నింపినప్పుడు మైళ్ళు, గాలన్లు రాసుకోవాలి. వీలైతే అదే పంపు దగ్గర. 318 మైళ్ళకు 12.4 గాలన్లు పట్టాయంటే గాలన్‌కు 25.6.
3. ఒక్క ట్యాంకు చూసి తీర్పు చెప్పకూడదు. కనీసం ఐదు ట్యాంకులు చూడాలి.
4. ట్యాంకుల మైలేజీలను సగటు చేయకూడదు. మొత్తం మైళ్ళను మొత్తం గాలన్లతో భాగించాలి.

నా ఏడాది లెక్క: 11,640 మైళ్ళు, 451 గాలన్లు, అంటే 25.8. మూడు చలి నెలల్లో 22, మిగతా కాలమంతా 27.

పోల్చేటప్పుడు కొలమానాలు కూడా చూసుకోవాలి. బ్రిటన్ గాలన్ 4.546 లీటర్లు, అమెరికా గాలన్ 3.785. కాబట్టి లండన్‌లో ఉన్న బావగారు 35 అంటే మన 29తో సమానమే. లీటరుకు కిలోమీటర్లు కావాలంటే మన అంకెను 0.425తో గుణించండి, 29 కాస్తా 12.3 అవుతుంది. ఇండియాలో ప్రకటనల్లో చూపే అంకె కూడా ప్రయోగశాలదే, అక్కడి పరీక్షా పట్టిక వేరు.

మరి కారు మార్చాలా?

మాకు అసలు కనువిప్పు ఇక్కడ కలిగింది. గాలన్‌కు ఎన్ని మైళ్ళు అన్న అంకె మనసును తప్పుదారి పట్టిస్తుందని 2008లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ సైన్స్ పత్రికలో చూపారు. చూడవలసింది వంద మైళ్ళకు ఎన్ని గాలన్లు అన్నది. 2013 మోడళ్ళ నుంచి ఆ అంకె కూడా స్టిక్కర్ మీద చిన్నగా ఉంటోంది, మనమే చూడం.

ఏడాదికి 12,000 మైళ్ళనుకోండి. 29 ఇచ్చే ఎస్‌యూవీ బదులు 40 ఇచ్చే హైబ్రిడ్ కొంటే 114 గాలన్లు మిగులుతాయి. మా ఇంట్లోని పాత మినీవ్యాన్ 18 ఇచ్చేది. దాని బదులు 22 ఇచ్చేది కొన్నా 121 గాలన్లు మిగులుతాయి. 11 మైళ్ళ తేడా కంటే 4 మైళ్ళ తేడాకే ఆదా ఎక్కువ! 36 ఇచ్చే హైబ్రిడ్ వ్యాన్ అయితే 333 గాలన్లు. గాలన్ మూడున్నర డాలర్లనుకుంటే ఏడాదికి 1,160 డాలర్ల పైమాటే. నెలలపాటు మేం పోట్లాడుకున్నది తప్పు బండి గురించి.

ఎస్‌యూవీని ఉంచుకున్నాం, వ్యాన్ మార్చాం. చలికాలంలో బడి, కొట్టు, గుడి పనులు ఒకే చుట్టులో ముగిస్తున్నాం, రిమోట్ స్టార్ట్ రెండు నిమిషాలకు మించనివ్వడం లేదు. రెండో శీతాకాలం 24 వచ్చింది. నాన్నగారికి ఫోన్లో చెబితే, "లీటరుకు పదేనా? నా చేతక్ నలభై ఇచ్చేది" అని నవ్వారు. స్కూటరుతో పోటీ పడలేం గానీ, డైరీ విషయంలో మాత్రం ఆయన మాటే నెగ్గింది. మీరూ కారు అమ్మే ముందు ఐదు ట్యాంకుల లెక్క రాసి చూడండి.