ఇన్‌స్పెక్టరుగారొస్తున్నారు!

నా చిన్నప్పుడు మా మేనమామ బట్టల కొట్లో ఈ కేక వినపడిందంటే పెళ్ళివారొస్తున్నంత హడావుడి. ఎన్నాళ్ళుగానో ఎవరూ ముట్టని హాజరు పుస్తకం బయటికొచ్చేది. గుమాస్తా ఒక్క రాత్రిలో, రెండు రంగుల సిరాతో, మూడు నెలల హాజరు పూర్తిచేసేవాడు. రెండు రంగులెందుకని అడిగితే, "ఒకే సిరా అయితే దొరికిపోమూ!" అనేవాడు. పదేళ్ళ పనికుర్రాణ్ణి ఆ పూటకి సినిమాకి తోలేసేవారు. టిక్కెట్టు డబ్బులు మామయ్యవే. ఇన్‌స్పెక్టరంటే వాడికెంత ఇష్టమో!

ఈ తనిఖీలకి పెద్ద చరిత్రే ఉందండీ. ఇంగ్లండులో 1833 చట్టం బట్టల మిల్లులు చూసి రమ్మని నలుగురంటే నలుగురు ఇన్‌స్పెక్టర్లను వేసింది. మన దేశంలో 1881లో మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. ఏడేళ్ళు నిండని పిల్లల్ని పనిలో పెట్టరాదంది. ఏడేళ్ళట! అంటే ఎనిమిదేళ్ళవాడు రోజుకి 9 గంటలు పనిచెయ్యొచ్చన్నమాట.

ఇక మన మాదాపూర్ సంగతి. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఆ అద్దాల మేడలకీ, సందు చివరి కిరాణా కొట్టుకీ చట్టం ఒక్కటే: 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. రాత్రి ఎనిమిదిన్నర దాటాక, పొద్దున్న ఆరింటికి ముందు ఆడవాళ్ళని పనిలో ఉంచకూడదని అందులో ఉంది. అమెరికాకి తెల్లారేది మనకి చీకటిపడ్డాకేనాయె! అంచేత ప్రభుత్వం ఐటీ కంపెనీలకు ఆ నిబంధన సడలించింది. ఊరికే కాదు, రానూపోనూ బండీ, భద్రతా చూసుకోవాలన్న షరతు మీద. పైగా చాలా చట్టాల విషయంలో, అన్నీ సక్రమంగా ఉన్నాయని కంపెనీయే రాసిస్తే చాలంది.

2025 నవంబరు 21న కొత్త కార్మిక చట్టాలు అమల్లోకొచ్చాక ఇన్‌స్పెక్టరు పేరు కూడా మారింది. తనిఖీతోపాటు సలహా చెప్పి సాయపడటం కూడా ఆయన పనేనట.

మా అక్క కూతురు ఆ మేడల్లో ఒకదాంట్లో ఈ కాగితాలే చూస్తుంది. నియామకపు ఉత్తరాలు, పీఎఫ్, ఈఎస్ఐ, రాత్రి బండ్ల లెక్కలు, అన్నీ కంప్యూటరులోనే. సొంత ఉద్యోగులవి అద్దంలా ఉన్నాయి. చిక్కొచ్చింది కాంట్రాక్టరు పెట్టిన ఊడ్చేవాళ్ళ దగ్గర. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పనిచేయించుకున్న కంపెనీయే ఇచ్చుకోవాలని 1970 చట్టమే అంది. కొత్త చట్టంలోనూ ఆ మాట ఉంది.

"జీతాల పుస్తకంలో ఒకావిడ సంతకం ముత్యాల్లా ఉంది పిన్నీ. ఆవిడేమో వేలిముద్ర మనిషి!" అంది.

సంతకం పెట్టి పంపాల్సింది తను. పంపేస్తే అడిగేవాళ్ళు లేరు. పిల్ల నేరుగా కిందికి దిగి, మెట్లు తుడుస్తున్న ఆవిణ్ణి, పోయిన నెల చేతికెంత వచ్చిందని అడిగిందట.

ఆవిడ గుడ్డ పక్కనపెట్టి ఎగాదిగా చూసి, "ఇన్‌స్పెక్టరమ్మవు నువ్వేనా బిడ్డా? ఇన్నొద్దులకు అడిగినవ్" అందట.